ఏ విషయం వినబోతామో ఆ మాటలు ముందే నేర్చుకుందాం

(చంద్రపూర్ కార్మిక అధ్యయన తరగతిలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతికి కార్యవర్గం పెట్టిన అంశం ఇంగ్లీషు. నోటీసు బోర్డు చూసి కొందరు నవ్వుకున్నారని మాకు తెలిసింది. "యాభై ఏండ్లొచ్చినంక మనకు ఇంగ్లీషేంది, పిల్లలకు చెప్పుకోవాలె గానీ" అని ఒకరన్నారు. "యూనియన్ ఆఫీసుల ట్యూషన్ షురూ చేసిండ్రా?" అని ఇంకొకరు అడిగారు. వాళ్ల మీద మాకు కోపం లేదు. మేమూ బడి చదువుతోనే మిల్లు గేటు దాటి లోపలికి వచ్చినవాళ్లమే. మాస్టర్లం కాము. ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే శక్తి మాకు లేదు. ఇంగ్లీషు వినడం గురించి మాత్రం నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం. అది కూడా మొత్తం ఇంగ్లీషు అక్కరలేదు. మన పని, మన జీతం, మన ప్రాణం ఏ మాటల మీద ఆధారపడి ఉన్నాయో ఆ మాటలు చాలు.

నాలుగు భాషల నడుమ

చంద్రపూర్ జిల్లాలో పనిచేసే తెలుగు కార్మికుడు ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. బజారులో, తహసీల్ కచేరీలో మరాఠీ మాట్లాడతాడు. పక్క మెషిన్ మీద ఛత్తీస్‌గఢ్ నుంచో బీహార్ నుంచో వచ్చిన సోదరునితో హిందీ మాట్లాడతాడు. ఆదిలాబాద్, కరీంనగర్ వైపు నుంచి మన పెద్దలు బల్లార్షా పేపర్ మిల్లుకు, బొగ్గు గనులకు, ఆ తర్వాత గడ్‌చాందూర్, ఘుగ్గుస్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు వచ్చి స్థిరపడిన నాటి నుంచి ఇదే మన బతుకు. షిఫ్టును పాళీ అంటాం. సమ్మెను సంపు అంటాం. జీతాన్ని పగార్ అంటాం. ఏ బడికీ పోకుండానే మూడు భాషలు పట్టుకున్న చెవులు మనవి.

నాలుగో భాష దగ్గరికి వచ్చేసరికి ఆ చెవులే మూసుకుపోతాయి. మేనేజ్‌మెంటు తరఫు లాయరు మాట్లాడేది ఆ భాష. బయటి కంపెనీ నుంచి వచ్చిన ఇంజినీరు షట్‌డౌన్ ముందు చెప్పేది ఆ భాష. హైకోర్టు నాగపూర్ బెంచిలో మన కేసు నడిచేది ఆ భాష.

కాగితం మీద ఉన్న ఇంగ్లీషుతో అంత భయం లేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకోవచ్చు. యూనియన్ ఆఫీసుకు తేవచ్చు, చదువుకునే బిడ్డకు చూపించవచ్చు, తెల్లారి మళ్లీ చదివించుకోవచ్చు. నోటితో అన్న మాట అట్లా ఆగదు. విన్న క్షణంలో పట్టుకోకపోతే పోయినట్టే. అప్పుడు మనం ఏం చేస్తున్నాం? ఎదుటివాడు తల ఊపితే మనమూ ఊపుతున్నాం. అతను నవ్వితే మనమూ నవ్వుతున్నాం. బయటికి వచ్చి, "ఏమన్నడే సాబు?" అని ఒకరినొకరు అడుగుతున్నాం. ఈ పరిస్థితి మారాలి.

ఇది మనతో మొదలైన సమస్య కాదు. 1884లో బొంబాయి బట్టల మిల్లుల కూలీలు వారానికొక సెలవు, మధ్యాహ్నం అరగంట విరామం, ప్రతి నెలా 15వ తేదీలోగా జీతం కావాలని ప్రభుత్వం వేసిన ఫ్యాక్టరీ కమిషన్‌కు విజ్ఞాపన ఇచ్చారు. దానికి 5,500 మంది మద్దతు తెలిపారు. దాన్ని నడిపిన నారాయణ్ మేఘాజీ లోఖండే మిల్లులో స్టోర్‌కీపరుగా పనిచేసినవాడు, బడి చదువు చదివినవాడు. కోరికలు కూలీలవి. వాటిని కమిషన్‌కు అర్థమయ్యే మాటల్లో పెట్టడం ఆయన చేసిన పని. చివరికి 1890లో మిల్లు యజమానులు వారపు సెలవుకు ఒప్పుకున్నారు. ఈ రోజు మనం ఇట్లా సెలవునాడు కూర్చుని మాట్లాడుకుంటున్నామంటే దాని వెనుక ఆ పోరాటం ఉంది.

మనకు ఇంగ్లీషు రాదా?

"మాకు ఇంగ్లీషు రాదు" అని మనం చాలా సులభంగా అనేస్తాం. అది పూర్తిగా నిజం కాదు. పేపర్ మిల్లు కార్మికుడిని ఒక్కసారి పరీక్షించి చూడండి. "బ్రోక్ ఎక్కువైంది, పల్పర్ నడుపు" అని ఫోర్‌మన్ అంటే మనకు వెంటనే అర్థమవుతుంది. మెషిన్ మీద తెగి పనికిరాకుండా పోయిన కాగితమే బ్రోక్. దాన్ని మళ్లీ గుజ్జు చేయాలి. అదే మాట కాలేజీలో ఇంగ్లీషు చెప్పే ప్రొఫెసర్‌గారు వింటే, ఏదో విరిగిందనో, ఎవరో దివాలా తీశారనో అనుకుంటారు.

"లిక్కర్" అంటే ఊళ్లో ఎవరికైనా సారా దుకాణమే గుర్తుకొస్తుంది. మనకు డైజెస్టర్ గుర్తుకొస్తుంది. వెదురు, కర్ర ముక్కలను ఉడికించేది వైట్ లిక్కర్. ఉడికిన తర్వాత గుజ్జు నుంచి కడిగి తీసేది బ్లాక్ లిక్కర్. దాన్ని చిక్కబరిచి రికవరీ బాయిలర్‌లో కాలిస్తే ఆవిరి వస్తుంది. అడుగున కరిగి దిగిన దాన్ని నీళ్లలో కలిపితే గ్రీన్ లిక్కర్. దానికి సున్నం తగిలిస్తే మళ్లీ వైట్ లిక్కర్. ఈ చక్రమంతా మనం ఇంగ్లీషు మాటలతోనే నడుపుతున్నాం. స్టాక్ అంటే మనకు గోదాములో సరుకు కాదు, నీళ్లలో కలిపిన గుజ్జు. ఫెల్ట్, వైర్, రీల్, కూచ్ రోల్, ఇవన్నీ మనకు తెలిసిన మాటలే. సిమెంటు ఫ్యాక్టరీ సోదరులకు కిల్న్, క్లింకర్ ఎట్లాగో ఇవి మనకు అట్లాగే.

మరి ఇవి మనకు ఎట్లా వచ్చాయి? వ్యాకరణం చదివి రాలేదు. ముప్పై రోజుల పుస్తకం కొని రాలేదు. వస్తువు కళ్ల ముందు ఉంది, పని చేతిలో ఉంది, మాట చెవిలో పడింది. ఒకే విషయానికి సంబంధించిన మాటలు ఒకే చోట పదే పదే విన్నాం. అందుకే అవి నిలిచాయి. మెషిన్ దగ్గర మనం గెలిచిన పద్ధతి ఇదే. దీన్నే ఆఫీసు గదికి, విచారణ గదికి, చర్చల బల్ల దగ్గరికి తీసుకుపోదామని మేము అంటున్నాం.

చెవికి కొక్కెం కావాలి

ఇంగ్లీషువాళ్లు మాటలను కలిపేసి మాట్లాడతారని, అందుకే అర్థం కాదని చాలామంది ఫిర్యాదు. మనం మాత్రం విడదీసి మాట్లాడుతున్నామా? "ఏమి అంటివి" అని మనం అనం, "ఏమంటివి" అంటాం. "వచ్చినాడు అని అన్నాడు" అనం, "వచ్చిండన్నడు" అంటాం. కొత్తగా వచ్చిన బీహార్ సోదరునికి అది ఒకే పొడుగాటి శబ్దంగా వినిపిస్తుంది. మనకు మాత్రం రెండు మాటలుగా వినిపిస్తుంది. ఎందుకంటే ఆ రెండు మాటలూ ముందే మన దగ్గర ఉన్నాయి.

ఇంగ్లీషులోనూ అంతే. "లెయిడ్ ఆఫ్" అనేది నోటి నుంచి "లెయిడాఫ్" అని వస్తుంది. ఆ మాట ముందే తెలిసినవాడు పట్టుకుంటాడు. తెలియనివాడి చెవి పక్క నుంచి అది వెళ్లిపోతుంది. చెవి తనకు తెలిసిన మాటనే ఏరుకుంటుంది. తెలిసిన మాట కొక్కెం లాంటిది. దానికి చుట్టుపక్కల మాటలు వచ్చి తగులుకుంటాయి. పది మాటల వాక్యంలో అసలైన మూడు మాటలు తెలిస్తే మిగిలిన ఏడు మాటలు చాలావరకు ఊహకు అందుతాయి. ఆ మూడు తెలియకపోతే మిగిలిన ఏడు తెలిసినా లాభం లేదు. "ఈజ్", "ది", "విల్", "ఫర్" అందరికీ తెలుసు. వాటితో ఎవరి జీతమూ పెరగలేదు.

సగం తెలిసిన మాట

అసలు తెలియని మాటతో ఒక మేలు ఉంది. తెలియదని మనకు తెలుస్తుంది, అడుగుతాం. సగం తెలిసిన మాటతోనే ఎక్కువ ప్రమాదం. ఒక విషయంలో ఒక అర్థం ఉన్న మాట ఇంకో విషయంలో ఇంకో అర్థంతో వస్తుంది.

"లాకౌట్" సంగతే చూడండి. మనకు లాకౌట్ అంటే యజమాని గేటుకు తాళం వేయడం. సేఫ్టీ ఆఫీసరు "లాకౌట్ చేశారా?" అంటే అర్థం వేరు. మరమ్మతు చేసేవాడు లోపల ఉండగా ఎవరూ పొరపాటున కరెంటు ఇవ్వకుండా మెయిన్ స్విచ్‌కు తాళం వేసి చీటీ కట్టారా అని ఆయన అడుగుతున్నాడు. మొదటి లాకౌట్ మన కడుపు మీద కొడుతుంది, రెండోది మన ప్రాణం కాపాడుతుంది.

"లేఆఫ్" ఇంకొకటి. అమెరికాలో సాఫ్ట్‌వేర్ పని చేసే మన పిల్లలు ఫోనులో "లేఆఫ్ అయింది నాన్నా" అంటే ఉద్యోగం పోయిందని అర్థం. మన దేశపు కార్మిక చట్టంలో లేఆఫ్ అంటే ఉద్యోగం పోవడం కాదు. బొగ్గు లేకనో, కరెంటు లేకనో, ముడిసరుకు లేకనో, మెషిన్ పాడైపోయో యజమాని తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం. మస్టర్‌లో పేరు ఉంటుంది. చట్టం చెప్పిన అర్హతలు ఉన్నవారికి బేసిక్, డీఏ కలిపిన దానిలో సగం పరిహారంగా రావాలి. ఉద్యోగం తీసేయడానికి మాట "రిట్రెంచ్‌మెంట్". దానికి నోటీసు వేరు, పూర్తి చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు జీతం లెక్కన పరిహారం వేరు. మేనేజరు నోట ఈ రెండింటిలో ఏది వచ్చిందో పట్టుకోలేనివాడు పరిహారం దగ్గర మోసపోతాడు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి మీద మన కార్మికోద్యమం అభ్యంతరాలు మీకు తెలిసినవే. అది మరో తరగతి. ఈ రోజు చెప్పేదేమిటంటే, కోడ్‌లతో పాటు కొత్త మాటలు కూడా గేటు లోపలికి వచ్చాయి. వాటిలో ఒకటి "ఫిక్స్‌డ్ టర్మ్". కొత్తగా చేరిన కుర్రవాళ్లకు ఆఫీసులో ఇట్లా చెబుతారు: "యూ విల్ గెట్ బెనిఫిట్స్ ఎట్ పార్ విత్ పర్మనెంట్". కుర్రవాడి చెవి పట్టుకునేది చివరి మాట ఒక్కటే, పర్మనెంట్! ఇంటికి పోయి మిఠాయి పంచుతాడు. అసలు అర్థం ఏమిటి? గడువు ఉన్నంతకాలం అదే పని చేసే పర్మనెంట్ కార్మికుడితో సమానంగా జీతం, పని గంటలు, సౌకర్యాలు ఇస్తారు. ఏడాది పని చేస్తే గ్రాట్యుటీ హక్కు కూడా ఉంటుంది. గడువు తీరగానే ఉద్యోగం తీరిపోతుంది. అట్లా తీరిపోవడాన్ని కోడ్ రిట్రెంచ్‌మెంట్‌గా లెక్కించదు. "ఎట్ పార్" అంటే "సమానంగా" అని ముందే తెలిసి ఉంటే ఆ కుర్రవాడు అక్కడే అడిగేవాడు: "సమానమంటే, నేను పర్మనెంటు కాదన్నమాటేనా సాబ్?"

"మాస్ క్యాజువల్ లీవ్" ఇంకో మాట. లీవ్ అంటే సెలవే కదా అనుకుంటాం. కొత్త ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్ ప్రకారం ఒక రోజున సగం మంది, అంతకు మించి కూడబలుక్కుని క్యాజువల్ లీవ్ పెడితే అది సమ్మె కిందికే వస్తుంది. సమ్మెకు ముందస్తు నోటీసు ఉండాలి. నోటీసు ఇచ్చిన 14 రోజుల లోపల సమ్మె చేయకూడదు. ఆఫీసరు "దిస్ ఈజ్ ట్రీటెడ్ యాజ్ స్ట్రైక్" అంటే అది ఊరికే బెదిరింపు కాదని మనకు తెలిసి ఉండాలి.

విచారణ గదిలో

ఒక మిల్లులో జరిగిన సంగతి చెబుతాం. పేరు అవసరం లేదు. ఒక కార్మికుడు జబ్బుపడి ఆస్పత్రిలో ఉన్నాడు, డ్యూటీకి రాలేదు. చెప్పకుండా మానేశాడని చార్జిషీటు ఇచ్చారు. విచారణ రోజున ఒంటరిగా వెళ్లాడు. విచారణాధికారి, "డూ యూ అడ్మిట్ ద చార్జ్?" అని అడిగాడు. మన సోదరునికి "అడ్మిట్" అనే మాట బాగా తెలుసు. ఆస్పత్రిలో అడ్మిట్ అయ్యావా అని అడుగుతున్నారనుకుని, "ఎస్ సర్, అడ్మిట్, పది రోజులు" అన్నాడు. ఆ "ఎస్" ఒక్కటే కాగితానికి ఎక్కింది. నేరం ఒప్పుకున్నాడని రాసి సంతకం పెట్టించుకున్నారు.

అతనికి ఇంగ్లీషు రాకపోవడం వల్ల జరిగిన నష్టం కాదిది. అతనికి ఆ మాట వచ్చు. విచారణ గదిలో దాని అర్థం రాదు. ఆస్పత్రిలో అడ్మిట్ అంటే చేర్చుకోవడం. విచారణలో అడ్మిట్ అంటే తప్పు ఒప్పుకోవడం. తర్వాత యూనియన్ ఆస్పత్రి కాగితాలు జతచేసి, ప్రశ్నను అతనికి తెలిసిన భాషలో చెప్పలేదని అభ్యంతరం రాసి, విచారణను తిరిగి తెరిపించింది. దానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో ఆ ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగిందో ఆ ఇల్లాలిని అడగాలి.

విచారణ గదిలో తిరిగే ముఖ్యమైన మాటలు పాతికకు మించవు. "షో కాజ్" అంటే నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో కారణం చెప్పమని అడగడం. అది ఇంకా శిక్ష కాదు. "మిస్‌కాండక్ట్" అంటే దుష్ప్రవర్తన. ఏ పనులు దాని కిందికి వస్తాయో స్టాండింగ్ ఆర్డర్లలో ఉంటాయి. "డినై" అంటే నేను ఒప్పుకోను. "క్రాస్" అంటే కోపం కాదు; వాళ్ల సాక్షిని మనం ప్రశ్నించే హక్కు. "అడ్జర్న్" అంటే వాయిదా. "ఎక్స్ పార్టీ" అంటే ఏ పార్టీ సంగతీ కాదు. నువ్వు లేకుండానే విచారణ నడపడం. "ఇఫ్ యూ ఆర్ ఆబ్సెంట్, వీ విల్ ప్రొసీడ్ ఎక్స్ పార్టీ" అని ఫోనులో చెబితే, పని ఉందని ఊరికి పోయేవాడు ఆ మాట విన్న వెంటనే ఆగాలి.

"సబ్సిస్టెన్స్ అలవెన్స్" అనేది పలకడానికి కష్టమైన మాట. అయినా సస్పెన్షన్‌లో ఉన్నవాడికి బియ్యం కొనిపెట్టేది అదే. కోడ్ కింద స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే చోట, అంటే 300 మంది, అంతకు మించి పనిచేసే చోట, విచారణ పెండింగులో ఉండగా మొదటి 90 రోజులు జీతంలో 50 శాతం, ఆలస్యం మన వల్ల కాకపోతే ఆ తర్వాత 75 శాతం రావాలి. "సబ్‌సిస్" అనే మొదటి శబ్దం వినగానే చెవి నిక్కబొడుచుకోవాలి. పలకడం రాకపోయినా ఫరవాలేదు.

చర్చల బల్ల దగ్గర

వేతన ఒప్పందం చర్చల్లో కష్టమైన మాటలు ఎక్కువ ఉండవు. తియ్యని మాటలు ఎక్కువ ఉంటాయి. "మేనేజ్‌మెంట్ అగ్రీస్ ఇన్ ప్రిన్సిపుల్" అంటారు. మన వాళ్లకు "అగ్రీస్" వినపడుతుంది, చప్పట్లు కొడతారు. "ఇన్ ప్రిన్సిపుల్" అంటే సూత్రరీత్యా ఒప్పుకున్నాం, ఎంత ఇస్తామో, ఎప్పుడిస్తామో ఇంకా చెప్పలేదు అని. "సబ్జెక్ట్ టు" అంటే బడిలో సబ్జెక్టు కాదు. ఆ తర్వాత వచ్చే షరతుకు లోబడి అని. "సబ్జెక్ట్ టు ప్రొడక్షన్" అన్నారంటే ఉత్పత్తి పెరిగితేనే డబ్బు. "సింపథెటికల్లీ కన్సిడర్" అంటే సానుభూతితో ఆలోచిస్తాం, ఇస్తామని కాదు. "వితౌట్ ప్రెజుడిస్" అంటే ఈ మాట అన్నంత మాత్రాన మా హక్కులు వదులుకున్నట్టు కాదు అని. ఇది మనకూ పనికొచ్చే మాట. మధ్యంతర భృతి తీసుకునేటప్పుడు మనమూ దీన్ని రాయించుకోవాలి.

అంకెల దగ్గర మరీ జాగ్రత్త. "ఫిఫ్టీన్", "ఫిఫ్టీ" గదిలో ఫ్యాన్ తిరుగుతుంటే ఒక్కలాగే వినిపిస్తాయి. 15 శాతానికీ 50 శాతానికీ తేడా ఎంతో మీకు చెప్పాలా? థర్టీన్, థర్టీ, ఎయిటీన్, ఎయిటీ అంతే. అనుమానం వస్తే సిగ్గుపడకుండా అడగండి: "వన్ ఫైవా, ఫైవ్ జీరోవా సర్?" ఈ చిన్న ప్రశ్న మన కమిటీ సభ్యులందరికీ నోటికి రావాలి.

మిల్లు మూతపడితే

మన పక్కనే, రైలెక్కితే ఒక పూట ప్రయాణం కూడా లేని కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు 2014లో ఆగిపోయింది. దివాలా చట్టం కింద ట్రిబ్యునల్ ద్వారా చేతులు మారి 2018లో మళ్లీ మొదలైంది. ఆ నాలుగేళ్లు మనలో చాలామంది బంధువులు పడిన కష్టం మనకు తెలుసు. 2016లో వచ్చిన ఆ చట్టంతో మాటల కొత్త బండి ఒకటి దిగింది. "మొరటోరియం" అంటే ఆ కాలంలో కంపెనీ మీద బాకీ దావాలు నడవవు. "రిజల్యూషన్ ప్రొఫెషనల్" అంటే ఆ సమయంలో కంపెనీని నడిపే అధికారి. "లిక్విడేషన్" అంటే ఆస్తులు అమ్మి పంచడం. "హెయిర్‌కట్" అంటే బాకీలో కొంత వదులుకోవడం. క్షవరమైతే గానీ వివరం తెలియదని మన పెద్దలు ఊరికే అనలేదు!

అన్నింటికంటే ముఖ్యమైన మాట "క్లెయిమ్". "సబ్మిట్ యువర్ క్లెయిమ్" అని మీటింగులో చెప్పారంటే, మనకు రావలసిన బాకీ లెక్క మనమే ఫారం నింపి, గడువు లోపల ఇవ్వాలని అర్థం. కార్మికుల క్లెయిమ్‌కు ఫారం డి ఉంది. అందరి తరఫున ప్రతినిధి ఇచ్చేదానికి ఫారం ఇ ఉంది. లిక్విడేషన్ వస్తే, దానికి ముందు 24 నెలల కార్మికుల బాకీలకు తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమాన స్థానం ఉంది. పీఎఫ్, గ్రాట్యుటీ నిధులను ఆ అమ్మకపు ఆస్తిలో కలపకూడదు. హక్కు చట్టంలో ఉంది. దాని పేరు విని గుర్తుపట్టాల్సినవాళ్లం మనమే.

ప్రాణం మీదికి వచ్చే మాటలు

సేఫ్టీ మాటలు అన్నింటికంటే ముందు నేర్చుకోవాలి, ఎందుకంటే అక్కడ మళ్లీ అడిగే సమయం ఉండదు. "ఎవాక్యుయేట్" అంటే అందరూ బయటికి పొండి. మన మెషిన్ హౌస్‌లో వాక్యూమ్ పంపులు ఉన్నాయి కనుక అదేదో వాక్యూమ్ సంగతి అనుకుని నిలబడే ప్రమాదం ఉంది. "అప్‌విండ్" అంటే గాలి వచ్చే వైపు, "డౌన్‌విండ్" అంటే గాలి పోయే వైపు. గ్యాసు లీకైతే గాలి పోయే వైపు పరుగెత్తకూడదు. గ్యాసూ అటే వస్తుంది. క్లోరిన్ గాలి కంటే బరువైనది, పల్లంలోకి దిగుతుంది. కాబట్టి గుంటలో, మోరీలో దాక్కోకూడదు. "కన్‌ఫైన్డ్ స్పేస్" అంటే ట్యాంకు, చెస్టు, మాన్‌హోల్ లాంటి గాలి ఆడని చోటు. "పర్మిట్" లేకుండా అందులోకి దిగకూడదు. కాంట్రాక్టు కార్మికులకు ఈ మాటలు మనమే నేర్పాలి. వాళ్లకు చెప్పేవాళ్లు తక్కువ, దిగమనేవాళ్లు ఎక్కువ.

ఎట్లా నేర్చుకుందాం?

కార్యవర్గం ఒక పద్ధతి అనుకుంది. ఇందులో పెద్ద ఖర్చు లేదు.

ఒకటి: నెలకు ఒక్క విషయమే. సేఫ్టీ, విచారణ, వేతన చర్చలు, పీఎఫ్ - ఈ వరుసలో పోదాం. ఒక్కో విషయానికి ముప్పై మాటలు మించవద్దు. అన్నీ ఒకేసారి మోస్తే అన్నీ పడిపోతాయి.

రెండు: మాటను శబ్దంతో రాసుకోవాలి. స్పెల్లింగుతో మనకు ఇప్పుడు పని లేదు. తెలుగు అక్షరాల్లో ఎట్లా వినిపిస్తే అట్లా రాసి, పక్కన మన భాషలో అర్థం, దాని పక్కన అది వచ్చే ఒక వాక్యం రాసుకోవాలి. ఒంటరి మాట మరిచిపోతాం. వాక్యంలో ఉన్న మాట గుర్తుంటుంది.

మూడు: నిదానంగా చదివి నేర్చుకుంటే సరిపోదు. కాలేజీ చదివే మన పిల్లల చేత మామూలు వేగంతో చదివించి, సెల్‌ఫోనులో రికార్డు చేసుకుని వినాలి. పాళీకి పోయేటప్పుడు బస్సులో వినవచ్చు. మాట వినపడగానే చెయ్యెత్తడం, అర్థం చెప్పడం, ఇదే పరీక్ష.

నాలుగు: ఉత్తుత్తి విచారణలు, ఉత్తుత్తి చర్చలు పెడదాం. ఒకరు మేనేజరు, ఒకరు విచారణాధికారి, ఒకరు కార్మికుడు. నవ్వులాటగానే ఉండనీయండి. అక్కడ తప్పు పోతే నవ్వుతాం, అసలు గదిలో తప్పు పోతే ఏడుస్తాం.

ఐదు: మీటింగుకు ముందు రోజు ఎజెండా తెప్పించుకుని, అందులో ఏ మాటలు వస్తాయో కమిటీ కూర్చుని అనుకోవాలి. ఫిబ్రవరి 1న బడ్జెట్ ప్రసంగం వస్తుంది. ముందు రోజు ఇరవై మాటలు నేర్చుకుని ఆ ప్రసంగం వినండి. అంతకుముందు ఏడాది విన్నదానికీ ఇప్పటికీ తేడా మీకే తెలుస్తుంది.

మాటలు నేర్చుకున్నాం కదా అని అర్థం కాని దానికి తల ఊపవద్దు. మాట తెలిసినవాడికే, ఏది తెలియలేదో స్పష్టంగా అడగడం వస్తుంది. అడగందే అమ్మయినా పెట్టదు. "ప్లీజ్ రిపీట్, సర్." "ప్లీజ్ గివ్ ఇట్ ఇన్ రైటింగ్." "మరాఠీలో చెప్పండి." "తెలుగు తెలిసిన తోటి కార్మికుడిని పక్కన కూర్చోనివ్వండి." ఇవి బతిమాలుకునే మాటలు కావు. తన మీద మోపిన అభియోగం తనకు అర్థం కావాలని కోరడం న్యాయంలో మొదటి మెట్టు. అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టవద్దు. పెట్టక తప్పకపోతే, "నాకు చదివి వివరించలేదు" అని తెలుగులోనే రాసి పెట్టండి.

వచ్చే నెల మొదటి ఆదివారం సేఫ్టీ మాటలతో మొదలుపెడుతున్నాం. ప్రతి డిపార్టుమెంటు నుంచి ఇద్దరు రావాలి. వారిలో ఒకరు తప్పకుండా కాంట్రాక్టు కార్మికుడు అయి ఉండాలి. ఒక నోటుబుక్కు, ఒక పెన్సిలు తెచ్చుకోండి. మీ డిపార్టుమెంటులో రోజూ వినిపించే, మీకు సరిగ్గా అర్థం కాని ఐదు ఇంగ్లీషు మాటలు రాసుకుని రండి. పట్టిక అక్కడి నుంచే తయారవుతుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!